క్లాడియస్, లెస్లీ వాల్టర్

క్లాడియస్, లెస్లీ వాల్టర్ (1927–2012): భారత హాకీ క్రీడాకారుడు. నాలుగు ఒలింపిక్ పతకాల విజేత. బెంగాల్ నాగపూర్ రైల్వేతో పెరిగిన బిలాస్‌పూర్‌లో 1927 మార్చి 25న ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో, ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

మొదట ఆడింది ఫుట్‌బాల్. ఖరగ్‌పూర్‌లో రైల్వే జట్ల ప్రాక్టీసు మ్యాచ్‌కు ఒక ఆటగాడు తక్కువైతే, 1932 ఒలింపిక్ స్వర్ణ విజేత డికీ కార్ ఇతని చేతికి హాకీ కర్ర ఇచ్చాడు. రెండేళ్లు తిరగకుండానే 1948 లండన్ జట్టులో చోటు దక్కింది.

ఆడే స్థానం రైట్ హాఫ్. ప్రత్యర్థి ఎడమ వైపు దాడిని ఆపాలి, దొరికిన బంతిని వెంటనే ముందుకు అందించాలి. చాకిరీ ఎక్కువ, పేరు తక్కువ. 1952 హెల్సింకీ ఫైనల్లో నెదర్లాండ్స్‌పై భారత్ కొట్టిన ఆరు గోల్స్‌లో ఐదు బల్బీర్ సింగ్‌వే. కానీ 1956 మెల్‌బోర్న్‌లో భారత్ ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచిందంటే, ఆ ఘనతలో హాఫ్‌ల వాటా చిన్నది కాదు.

1960 రోమ్‌లో ఇతనే కెప్టెన్. ఫైనల్లో పాకిస్తాన్ 1–0తో గెలవడంతో 1928 నుంచి సాగిన భారత స్వర్ణ పరంపర తెగింది. మూడు స్వర్ణాలు, ఒక రజతం: హాకీలో ఈ లెక్కను అందుకున్న మరో భారతీయుడు ఉధమ్ సింగ్ ఒక్కడే.

1971లో పద్మశ్రీ వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్ కోసం వేసిన ప్రత్యేక రైలు పటంలో బుషీ స్టేషన్‌కు ఇతని పేరు పెట్టారు. అదే ఏడాది డిసెంబరు 20న కోల్‌కతాలో మరణించాడు.