గదిలో పసివాడి పరుగు: ఒక వైద్యురాలు నేర్పిన పాఠం

పిల్లవాడు ఇంట్లో కదలకుండా కూర్చుంటే బుద్ధిమంతుడని మెచ్చుకోవడం మనకు అలవాటు. చేతిలో ఫోను పెట్టినందువల్ల వచ్చిన కుదురైనా సరే, మనం సంతోషిస్తాం. పసివయసులో కదలకపోవడం సుగుణం కాదని, ఇరుకు గదిలోనైనా కదలికకు చోటు ఇవ్వవలసిందేనని నూరేళ్ళకు పూర్వమే చేసి చూపించిన వైద్యురాలు ఒకరున్నారు. ఆమె మరియా మాంటిసోరి. మన ఊళ్ళలో ఎన్నో బడుల బోర్డుల మీద ఆ పేరు కనిపిస్తుంది. ఆమె వైద్యురాలన్న సంగతి మాత్రం చాలామంది ఎరుగరు.

మాంటిసోరి ఇటలీ దేశంలో 1870లో జన్మించారు. 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందారు. ఆ కాలపు యూరపు బడులలో పిల్లలను నేలకు బిగించిన బల్లలలో కూర్చోబెట్టేవారు. వెన్నెముక వంకర పోకుండా ఉండాలని, పిల్లవాడు అటూ ఇటూ కదలడానికి వీలులేని బల్లలను శాస్త్రీయమని చెప్పి తయారు చేసేవారు. మాంటిసోరి ఈ వాదాన్ని వైద్యురాలిగా ఖండించారు. గంటల తరబడి కదలకుండా కూర్చోబెట్టడమే వెన్నుకు చేటు చేస్తున్నప్పుడు, దానికి మందు మరింత గట్టిగా బంధించే బల్ల ఎలా అవుతుందని ఆమె ప్రశ్న.

రోములోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమెకు అవకాశం దొరికింది. అక్కడి పెద్ద పెద్ద అద్దె భవనాలలో కూలి కుటుంబాలు నివసించేవి. తల్లిదండ్రులు పనికి వెళ్ళగానే, బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద పరుగులు తీస్తూ, గోడలు పాడు చేస్తూ ఉండేవారు. భవన యజమానులైన సంస్థ వారు మరమ్మతుల ఖర్చు కంటే పిల్లలను ఒకచోట చేర్చి చూసుకోవడమే మేలని తలచారు. అలా 1907 జనవరి 6న ఆ భవనంలోనే ఒక గదిలో 'బాలల ఇల్లు' ప్రారంభమైంది.

అల్లరి పిల్లలను అదుపులో పెట్టడానికి ఆ గదిని ఇచ్చారు. మాంటిసోరి మాత్రం వారిని కట్టిపడేయలేదు. బిగించిన బల్లలను తన పద్ధతిలో వద్దన్నారు. పసివాళ్ళే ఎత్తి మోసుకుపోగల తేలికైన చిన్న కుర్చీలు, మేజాలు చేయించారు. వారు చాప పరచుకుని నేల మీద కూడా పని చేసుకునేవారు.

ఆమె రూపొందించిన రెండు ఆటలు గమనించండి. మొదటిది గీత మీద నడక. నేల మీద పెద్ద కోడిగుడ్డు ఆకారంలో గీత గీస్తారు. పిల్లలు మడమను రెండవ పాదపు వేళ్ళకు ఆనిస్తూ దాని మీద నడుస్తారు. అలవాటైన తరువాత నీళ్ళ గ్లాసు తొణకకుండా, చేతిలోని గంట మోగకుండా నడవాలి. రెండవది నిశ్శబ్దపు ఆట. పిల్లలందరూ చడీచప్పుడు లేకుండా కూర్చుంటారు. ఉపాధ్యాయిని పక్కగది నుండి ఒక్కొక్కరిని గుసగుసగా పేరు పెట్టి పిలుస్తుంది. పిలుపు విన్న బిడ్డ కుర్చీలకు తగలకుండా, మునివేళ్ళ మీద నడిచి ఆమెను చేరుకోవాలి. కండరాల పట్టు, చెవి, శరీరపు తూకం మూడూ ఇందులో అభ్యాసం పొందుతాయి. ఖర్చు లేదు, స్థలం కూడా ఎక్కువ అక్కరలేదు.

మాంటిసోరి 1939లో భారతదేశానికి వచ్చారు. మద్రాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం కారణంగా అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ఇక్కడే ఉండిపోయారు. ఈ దేశపు ఇళ్ళలో పిల్లలకు ఇటువంటి ఆటలు కొత్త కావు. మన చావిళ్ళలో, వసారాలలో ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, కాళ్ళాగజ్జె, దాగుడుమూతలు ఏ శాస్త్రమూ పేరు పెట్టకముందే ఉన్నాయి. ఒప్పులకుప్ప తిరిగే పిల్లకు లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ పని చేస్తుంది. చెమ్మచెక్కలో కన్ను, చేయి, లయ కలుస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లలకు సూచనలు ప్రకటించింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక శారీరక చురుకుదనంలో గడపాలి. అందులో 60 నిమిషాలైనా ఒళ్ళు కాస్త వేడెక్కే ఆట ఉండాలి. తెర ముందు కూర్చోవడం గంటకు మించరాదు, తగ్గితే మరీ మంచిది. చక్రాల బండిలోనో, ఎత్తు కుర్చీలోనో ఏకబిగిన గంటకు మించి బంధించి ఉంచరాదు. బిగించిన బల్లలను వద్దన్న మాంటిసోరి మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి.

కనుక మీ ఇంట్లో మేజాను కాస్త పక్కకు జరపండి. సుద్దముక్కతో నేల మీద గీత గీయండి. మూలలు కోసుగా ఉన్న సామానును, జారే తివాచీని తీసివేయండి. బాల్కనీ తలుపు మూయండి. ఒక హెచ్చరిక: పసివాడి చేతులు పట్టి గుంజడం, గాలిలో గిరగిర తిప్పడం వద్దు. అయిదేళ్ళలోపు వారికి మోచేతి ఎముక సులభంగా పట్టు తప్పుతుంది. ఒప్పులకుప్ప సమాన వయసు పిల్లలే ఆడుకోవాలి.

అపార్ట్‌మెంటు ఇరుకని బాధపడే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. సాన్ లొరెంజో పిల్లలకు దొరికింది కూడా ఒక అద్దె భవనంలోని గదే. ఆ గదిలో కదలడానికి వారికి అనుమతి దొరికింది. మీరు ఇవ్వవలసినదీ అదే.