తుంటి మీద నీలం పట్టీ

దోహాలో శుక్రవారం పొద్దున్నే బ్యాటు పట్టుకుని బయల్దేరే బాపతు మేము. కిందటి చలికాలంలో ఒకసారి పరుగు తీస్తుంటే కుడి తుంటి దగ్గర కలుక్కుమంది. టీములో ఫిజియోథెరపీ తెలిసిన కుర్రాడొకడు నీలం రంగు పట్టీ తీసి, పిరుదు పక్కనుంచి తొడ దాకా అంటించాడు. చిత్రం! నొప్పి తగ్గినట్టే అనిపించింది. అలా మూడు నెలలు, పట్టీ మీద పట్టీ వేస్తూ ఆట లాగించాను. చివరికి సాక్సు తొడుక్కోవడానికి కూడా మా ఆవిడ సాయం కావాల్సొచ్చింది.

ప్రోగ్రాము మొరాయిస్తే దాని చరిత్ర తవ్వడం మా వృత్తిధర్మం కదా. పట్టీ చరిత్రా తవ్వాను.

దీని పుట్టిల్లు జపాన్. కెంజో కాసే అనే కైరోప్రాక్టర్ 1970లలో తయారుచేశాడు. అప్పటిదాకా ఆటగాళ్ళు వాడే టేపు బిగుసుకుని కీలును కదలనిచ్చేది కాదు. మన పుత్తూరు కట్టు తెలుసుగా? ఆకు పసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు. విరిగిన ఎముక కదలకూడదు కాబట్టి అది అలాగే ఉండాలి. కాసే కోరింది దానికి ఎదురు: ఆసరా ఉండాలి, కదలికా ఉండాలి. అందుకే చర్మంలా సాగే నూలు పట్టీ. అది చర్మాన్ని కాస్త పైకెత్తి కింద చోటిస్తుందనీ, అంటించే దిశని బట్టి కండరం చురుకవడమో సడలడమో జరుగుతుందనీ సిద్ధాంతం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీచ్ వాలీబాల్ ఆడిన కెర్రీ వాల్ష్ భుజం మీద కనబడ్డాక లోకమంతా పాకింది.

మరి పని చేస్తుందా? కండరాల బలం మీద జరిగిన 19 అధ్యయనాలను 2015లో కలిపి చూస్తే, ప్రభావం దాదాపు శూన్యమని తేలింది. నొప్పి మాత్రం కొందరికి కాసేపు తగ్గినట్టుంటుంది.

ఇక్కడే కథ మా ఊరికొస్తుంది. 2007లో మొదలైన ఆస్పెటార్ ఆసుపత్రి దోహాలో ఆటగాళ్ళ వైద్యానికి పెట్టింది పేరు. 2014 నవంబరులో 14 దేశాల నుంచి 24 మంది నిపుణులు దోహాలో కూర్చున్నారు, కేవలం గజ్జల నొప్పికి పేర్లు పెట్టడానికి! నవ్వకండి. ఒకే నొప్పిని ఒక్కో డాక్టరు ఒక్కో పేరుతో పిలుస్తుంటే ఎవరి వైద్యం ఫలించిందో తేల్చడమెలా? వేలితో నొక్కి, కాలిని అడ్డుకుని చూసి, ఏ కండరానిదో ఏ చోటుదో విడదీశారు. తుంటి కీలు నొప్పిని వేరుగా ఉంచారు. దీన్నే దోహా ఒప్పందం అంటారు.

ఆ 24 మందిలో డెన్మార్క్ డాక్టరు పెర్ హోల్మిక్ ఒకరు. తొడ లోపలి కండరం వల్ల దీర్ఘకాలంగా గజ్జ నొప్పితో బాధపడుతున్న 68 మంది క్రీడాకారుల మీద ఆయన బృందం 1999లోనే ఒక పరీక్ష ప్రచురించింది. వ్యాయామం చేసినవాళ్ళలో 23 మంది నొప్పి లేకుండా ఆటకు తిరిగొచ్చారు. మర్దనలూ లేజర్లూ చేయించుకున్నవాళ్ళలో నలుగురు.

నన్నూ ఒక డాక్టరుగారు అలాగే నొక్కి చూశారు. నొప్పి తుంటిది కాదట, తొడ లోపలి కండరానిదట. అంటే మూడు నెలలుగా నేను పట్టీ వేసుకున్నది తప్పు చోట! అయినా తగ్గినట్టనిపించింది చూశారా, అదే నన్ను భయపెట్టింది.

ఇప్పుడు రోజూ మోకాళ్ళ మధ్య బంతి పెట్టి నొక్కుతున్నాను, మా అమ్మాయి లెక్కపెడుతుంది. పదో వారం. సాక్సు నేనే తొడుక్కుంటున్నాను.