సగంలో ఆగి నిలబడ్డ ఆపరేషన్

ఈ రోజు ప్రపంచంలో బరువు తగ్గడానికి ఎక్కువమంది చేయించుకుంటున్న ఆపరేషన్ స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పాతిక వంతు తీసేస్తారు. అరటికాయంత సన్నటి గొట్టం మిగులుతుంది. విచిత్రమేమిటంటే, మొదట్లో దీన్ని పూర్తి ఆపరేషన్‌గా ఎవరూ తలపెట్టలేదు. ఇది ఇంకో పెద్ద ఆపరేషన్‌లో మొదటి విడత మాత్రమే. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఈ ఆపరేషన్ల వంశవృక్షాన్ని తవ్వడం నాకొక వ్యసనమైపోయింది.

ఆ పెద్ద ఆపరేషన్ పేరు డ్యూయోడినల్ స్విచ్. 1999లో న్యూయార్క్‌లో మిషెల్ గానియే అనే సర్జన్ దాన్ని కెమెరా సాయంతో, చిన్న రంధ్రాల గుండా చేయడం మొదలుపెట్టారు. మరీ భారీకాయులు అంతసేపు మత్తును తట్టుకోవడం కష్టంగా ఉండేది. అందుకని పనిని రెండుగా విడదీశారు. ముందు జీర్ణాశయం సంగతి చూసి, కొంత బరువు తగ్గాక పేగుల పని పెట్టుకుందామనుకున్నారు. తీరా చూస్తే, కొందరు మొదటి విడతకే బాగా తగ్గిపోయారు. వాళ్లకు రెండో విడత అవసరమే రాలేదు.

ఇది ఎందుకు పనిచేసిందో ఆ తర్వాత కొంతవరకు తేటపడింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా కనుక్కున్నదీ 1999లోనే. అది ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో. స్లీవ్‌లో కోసి పారేసేది ఆ భాగాన్నే.

స్విచ్‌కూ పూర్వీకులున్నారు. ఇటలీలోని జెనోవాలో నికొలా స్కోపినారో 1976లో పేగుల దారి మళ్లించే ఆపరేషన్ మొదలుపెట్టారు. అమెరికాలోని ఒహాయోలో డగ్ హెస్ 1988లో దాన్ని మార్చి స్విచ్‌గా తీర్చిదిద్దారు. కానీ నా మనసు చిక్కుకుపోయింది అంతకు ముందు కాలంలో, 1954 నుంచి 1980 దాకా, అమెరికా నడిబొడ్డున ఉన్న రెండు విశ్వవిద్యాలయాల్లో.

మొదటిది మిన్నెసోటా. అక్కడ క్రెమెన్, లినర్, నెల్సన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, చిన్నపేగులో ఏ భాగం ఏ పోషకాన్ని పీల్చుకుంటుందో చూశారు. పేగులో చాలా భాగాన్ని పక్కన పెట్టి మిగతా రెండు కొసలను కలిపితే మనిషి చిక్కిపోతాడని 1954లో ప్రకటించారు. 1969 నాటికి లాస్ ఏంజెలెస్‌లో పేన్, డివిండ్ దానికి కొలతలు ఖాయం చేశారు. పైపేగు 14 అంగుళాలు, కిందిపేగు 4 అంగుళాలు. మనిషి తిన్నది నడవడానికి మొత్తం మీద మిగిలిన దారి అడుగున్నర! బరువు దిగింది నిజమే, కానీ విరేచనాలు పట్టుకున్నాయి, మూత్రపిండాల్లో రాళ్లు వచ్చాయి, కీళ్లు వాచాయి, కొందరికి కాలేయమే పాడైంది. వేలమంది ఒంటి మీద జరిగాక గానీ ఆ ఆపరేషన్ మూలపడలేదు.

రెండోది అయోవా. అక్కడ ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఒక మామూలు విషయాన్ని శ్రద్ధగా గమనించారు. అల్సర్ కోసం జీర్ణాశయంలో కొంత తీసేయించుకున్న ఆడవాళ్లు సన్నబడి, మళ్లీ ఒళ్లు చేయడం లేదు. అయితే లావుగా ఉన్నవాళ్లకు ఇదే మార్గమెందుకు కాకూడదు? 1966లో చికాషి ఇటోతో కలిసి జీర్ణాశయాన్ని అడ్డంగా విభజించి, పైన మిగిలిన చిన్న భాగాన్ని పేగుకు కుట్టారు. అదే గ్యాస్ట్రిక్ బైపాస్.

మేసన్ మీద నాకు గౌరవం కలగడానికి కారణం ఆ తర్వాత ఆయన చేసిన పని. తాను కనిపెట్టిన బైపాస్ మీద తానే అసంతృప్తి పడ్డారు. ఆహారం సహజమైన దారి తప్పితే పోషకాల లోపం వస్తుందన్నది ఆయన బెంగ. 1980లో పేగుల జోలికి పోని మరో పద్ధతి తెచ్చారు. జీర్ణాశయం గోడల్లో గుండ్రటి స్టేప్లర్‌తో కిటికీ లాంటి రంధ్రం చేసి, అందులోంచి స్టేప్లర్ జొనిపి నిలువుగా పిన్నులు కొట్టి చిన్న సంచి తయారుచేశారు. దాని మూతి సాగిపోకుండా ప్లాస్టిక్ వల పట్టీ బిగించారు. చుట్టుకొలత 5 సెంటీమీటర్లు, అంతే. చూడ్డానికి ముచ్చటైన ఆపరేషన్. కానీ ఐస్‌క్రీమ్, తీపి పానీయాలు ఆ సన్నటి మూతిలోంచి హాయిగా జారిపోయేవి. చాలామంది మళ్లీ బరువెక్కారు. ఆయన వదిలేసిన బైపాసే బతికింది. 1977లో కెంటకీలో వార్డ్ గ్రిఫెన్ దాన్ని వై ఆకారంలో కలిపి, పైత్యరసం పైకి తన్నకుండా చేశారు.

ఇంకా వెనక్కి వెళితే ఆధారాలు పలచబడి, కథలు చిక్కబడతాయి. పదో శతాబ్దంలో స్పెయిన్‌లోని లియోన్ రాజు సాంచో గుర్రమెక్కలేనంత లావై సింహాసనం పోగొట్టుకున్నాడు. అమ్మమ్మ తోదా రాణి అతన్ని కొర్దోబాకు తీసుకెళ్లింది. అక్కడ హస్దాయ్ అనే యూదు వైద్యుడు సన్నబరిచాడు, రాజ్యం తిరిగొచ్చింది. పెదాలు కుట్టేసి ద్రవాలే తాగించారని తర్వాతివాళ్లు కథ కట్టారు. అప్పటికి కత్తికి పని లేదు, ఆకలిని ఆపే ఉపాయమే వైద్యం.

మళ్లీ మన కాలానికి వస్తే, 1986లో కుజ్‌మాక్ అనే సర్జన్ జీర్ణాశయం చుట్టూ బిగించే, వదులు, బిగువు మార్చుకోగల సిలికాన్ బ్యాండు తెచ్చారు. ఒక వెలుగు వెలిగి ఇప్పుడు వెనకబడింది. 1995లో వాల్టర్ పోరీస్ బృందం బైపాస్ చేయించుకున్న 608 మంది వివరాలు బయటపెట్టింది. వాళ్లలో షుగరున్న 146 మందిలో 121 మందికి చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. బరువు కోసం చేసిన ఆపరేషన్ జబ్బుకే మందైంది.

ఏ ఆపరేషన్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఈ వంశచరిత్రలోనే సగం జవాబుంది. ప్రతిదీ ముందుదాని లోపం సవరించబోయి, తన లోపాన్ని వెంట తెచ్చింది. స్లీవ్ పేగులను ముట్టదు, కానీ ఆ సన్నటి గొట్టంలో ఒత్తిడి పెరిగి ఛాతీమంట తేవచ్చు. ముందే ఆ బాధ ఉన్నవాళ్లకు, ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకు సాధారణంగా బైపాస్ వైపే మొగ్గు. అయితే అందులో బి12, ఐరన్, కాల్షియం బిళ్లలు జీవితాంతం మానకూడదు. పొగతాగేవాళ్లకు, నొప్పిమాత్రలు మింగేవాళ్లకు కుట్టు దగ్గర పుండు పడే ప్రమాదముంది. ఒకే కుట్టుతో ముగిసే మినీ బైపాస్ తేలిక, కానీ మేసన్ తొలి పద్ధతిలోని పైత్యరసం భయం అందులో మళ్లీ తలెత్తింది. స్విచ్ అన్నిటికన్నా ఎక్కువ బరువు దించుతుంది, అన్నిటికన్నా ఎక్కువ పోషకాహార జాగ్రత్త అడుగుతుంది. ఫిన్లాండ్, స్విట్జర్లాండ్‌లలో జరిగిన పరిశీలనల ఫలితాలు 2018లో వచ్చాయి. ఐదేళ్లకు స్లీవ్, బైపాస్‌ల మధ్య బరువులో పెద్ద తేడా లేదు. కాబట్టి చూడాల్సింది ఎన్ని కిలోలు తగ్గుతామని కాదు, మన ఒంట్లో ముందే ఏ జబ్బులున్నాయన్నది. 2022 నాటి అంతర్జాతీయ సూచనలు మనలాంటి ఆసియావాసులకు బీఎంఐ 27.5 దాటితే చాలు, ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చంటున్నాయి. అందుకే ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చింది.

ఇన్ని మార్పుల్లో పోగొట్టుకున్నది ఒకటుంది. మేసన్ 1986లో అయోవాలో ఒక జాతీయ రిజిస్ట్రీ పెట్టారు. ఆపరేషన్ అయినవాళ్లకు ఏళ్లు గడిచాక ఏమైందో రాసిపెట్టడమే దాని పని. తన ఆపరేషన్ ఓడినా ఆ లెక్క దాచకూడదనుకున్న మనిషి ఆయన. నూరేళ్లు బతికి 2020లో కన్నుమూశారు. నేటి ప్రకటనల్లో ప్యాకేజీ ధర ఉంటుంది, డిశ్చార్జి తేదీ ఉంటుంది, ఆ ఓపిక మాత్రం అరుదుగా కనబడుతుంది. ఈ ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు సర్జన్‌ను స్లీవా, బైపాసా అని అడిగే ముందు ఇంకో మాట అడగాలి: పదేళ్ల కిందట మీరు చేసినవాళ్లు ఇప్పుడెలా ఉన్నారు? దానికి లెక్కతో జవాబు చెప్పగలిగిన డాక్టరు ఏ ఆపరేషన్ సూచించినా ముందు ఆయన మాట వినాలి.