రాణీఖేత్‌లోని హైదరాబాదు సైన్యపు గురుతులు

హిమాలయ సానువులందు, ఉత్తరాఖండ రాష్ట్రమున రాణీఖేత్ అను పట్టణము కలదు. అచ్చట కుమావూఁ రెజిమెంటు వారి వస్తుప్రదర్శనశాల యున్నది. సైనికుల దుస్తులు, ఆయుధములు, పతకములు, యుద్ధములందు చేజిక్కిన వస్తువులు అందు భద్రపరచబడినవి. గోదావరీ తీరమందలి లక్సెట్టిపేటకును, మంచుకొండల నడుమనున్న ఆ శాలకును సంబంధమేమని చదువరులకు సందేహము కలుగవచ్చును. ఆ రెజిమెంటు పూర్వనామము హైదరాబాదు రెజిమెంటు. దాని మూలదళములను పోషించినది నిజాము రాజ్యపు బొక్కసము. ఆ బొక్కసమును నింపినది తెలంగాణ రైతు కూడ చెల్లించిన శిస్తు.

1813లో ఆంగ్ల రెసిడెంటు హెన్రీ రస్సెల్ హైదరాబాదులో రస్సెల్ బ్రిగేడును నెలకొల్పెను. ఎలిచ్‌పూరు నవాబు సలాబత్ ఖాను అంతకు పూర్వమే కూర్చిన దళములును కాలక్రమమున ఈ సైన్యమున కలిసినవి. ఖర్చు నిజాముది, పెత్తనము ఆంగ్లేయులది. సిపాయిల జీతములకై నిజాము సర్కారు పామరు కంపెనీ వద్ద అప్పులు చేసెను. ఆ ఋణభారము పెరిగి పెరిగి, తుదకు 1853 సంధిచే బీరారు, రాయచూరు, ధారాశివ సీమలు ఆంగ్లేయుల వశమయ్యెను. నాటినుండి ఆ సైన్యమునకు హైదరాబాదు కంటింజెంటని పేరు స్థిరపడెను.

1858లో ఝాన్సీపై దండెత్తిన సర్ హ్యూ రోజ్ సేనలో ఈ కంటింజెంటు దళములుండెను. ఝాన్సీ రాణిదని చెప్పబడు వెండి దండము నేడు రాణీఖేత్ శాలలో నున్నది. ఇంచుమించు అదే కాలమున, లక్సెట్టిపేటకు పడమటనున్న నిర్మల ప్రాంతమున రాంజీ గోండు నాయకత్వమున గోండులు, రోహిల్లాలు ఆంగ్లేయులను, నిజాము ప్రభుత్వమును ఎదిరించిరి. 1860లో రాంజీ ఉరితీయబడెను. వేయిమంది వీరులను ఒకే మఱ్ఱిచెట్టుకు ఉరితీసిరని జనశ్రుతి. వెయ్యి ఉరుల మఱ్ఱి అని పేరొందిన ఆ వృక్షము నేడు లేదు. గెలిచిన సైన్యపు వస్తువులకు గాజు బీరువాలు లభించినవి; ఓడినవారి కథ జనుల నోట నిలిచినది.

1903లో కంటింజెంటు రద్దయి, దాని దళములు భారత సైన్యమున విలీనమయ్యెను. 1922లో అవి 19వ హైదరాబాదు రెజిమెంటుగా రూపొందినవి. 1945లో ఆ పేరు కుమావూఁ రెజిమెంటుగా మారెను; 1948లో దాని కేంద్రము రాణీఖేత్ చేరెను. పేరు మారుటతో దక్కనుతో నున్న పూర్వబంధము సామాన్యుల కెఱుకలేకపోయెను. అయినను పరుల పెత్తనమున పుట్టిన ఆ సైన్యమే పిమ్మట స్వతంత్ర భారత రక్షణకు ప్రాణములొడ్డెను. 1947 నవంబరు 3న కాశ్మీరములోని బడ్గాము వద్ద నేలకొరిగిన మేజర్ సోమనాథశర్మ దేశమున ప్రప్రథమ పరమవీరచక్ర గ్రహీత. 1962లో రెజాంగ్ లా కనుమ వద్ద చైనా సేన నెదిరించి మరణించిన మేజర్ షైతాన్ సింగ్‌కును ఆ పతకమే లభించెను. ఈ యిరువురును కుమావూఁ రెజిమెంటు వారే.

కత్తి తనంతట తాను కథ చెప్పదు. దానిని ఎవరు పట్టిరి, ఎవరిపై ఎత్తిరి, దాని వెల ఎవరు చెల్లించిరి అను మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసి యుంచిననే అది చరిత్రయగును. గ్రామములందు పాత పెట్టెలలో తుప్పుపట్టుచున్న కత్తులు, పతకములు, సిపాయి కాగితములు ఉండవచ్చును. పెద్దలు జీవించియుండగనే వాని వృత్తాంతమును వ్రాయించి గ్రంథాలయమున నుంచుట యువకులు చేయదగిన పని. గాజు బీరువాలు దొరకనివారి చరిత్రకు గ్రామ గ్రంథాలయమే తగిన తావు.