చద్దన్నం తింటే ఐరన్ అమాంతం పెరుగుతుందా? పెరుగు, ఇడ్లీ, ఆవకాయల్లో కడుపుకు మేలు చేసే బ్యాక్టీరియా దేంట్లో ఉంటుంది?

ఎండలు ముదిరితే చాలు, ఫోన్ల నిండా చద్దన్నం వీడియోలే. మట్టి ముంతలో అన్నం, పైన గడ్డ పెరుగు, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిర్చి. చూస్తేనే నోరూరుతుంది. అయితే వాటితో పాటు ఓ లెక్క కూడా తెగ షేర్ అవుతోంది. 100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాములు ఉండే ఐరన్, 12 గంటలు నానితే 73.91 మిల్లీగ్రాములకు చేరుతుందట!

ఇక్కడ కాస్త ఆగాలి. ఐరన్ ఖనిజం. బ్యాక్టీరియా దాన్ని పుట్టించలేదు. బియ్యంలో, నీళ్లలో, వండిన పాత్రలో లేని ఐరన్ తెల్లారేసరికి ఎక్కడి నుంచి వస్తుంది? నిజంగా జరిగేది వేరు. ధాన్యాల్లో ఉండే ఫైటిక్ ఆమ్లం ఐరన్‌ను, జింక్‌ను పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వదు. పులిసినప్పుడు ఆ పట్టు కొంత సడలుతుంది. అంటే ఉన్న ఐరనే కాస్త మెరుగ్గా ఒంటబడుతుంది. పాలిష్ పట్టిన బియ్యంలో ఆ ఉన్నది కూడా తక్కువే.

ఏదో సరదా వీడియోలే అని వదిలేయడానికి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. చద్దన్నం తింటున్నాం కదా అని డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు పక్కన పెడితే నష్టపోయేది వాళ్లే.

మరి చద్దన్నం వేస్టా? కానే కాదు

రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచినా, పాలు పోసి తోడేసినా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. పొద్దున తగిలే పులుపు దానిదే. గంజిని కుండలో పులియబెట్టే తరవాణిదీ ఇదే దారి. ఇంకో లాభం కూడా ఉంది. వండిన అన్నం చల్లారితే అందులోని పిండి పదార్థం కొంత త్వరగా అరగని రూపానికి మారుతుంది. అది పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. మన ఒంట్లో మొత్తం 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని 2016లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అందులో ఎక్కువ భాగం పెద్దపేగులోనే!

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 36 మంది ఆరోగ్యవంతులను రెండు గ్రూపులు చేసి, పది వారాల పాటు ఒక గ్రూపుకు పీచు ఎక్కువున్న ఆహారం, మరో గ్రూపుకు పెరుగు, కెఫిర్, కిమ్చీ, కొంబుచా లాంటి పులిసిన ఆహారం ఇచ్చారు. 2021లో సెల్ జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. పులిసినవి తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. వినడానికి బాగుంది. కానీ 36 మంది అంటే చిన్న స్టడీనే. పైగా ఆ మెనూలో మన చద్దన్నం లేదు. కాబట్టి షుగర్ తగ్గిస్తుంది, క్యాన్సర్ రాదు అనే థంబ్‌నెయిల్స్‌ని నమ్మకండి.

ఇడ్లీ సంగతేంటి?

పిండి పులిసేటప్పుడు బ్యాక్టీరియా ఫుల్లుగా ఉంటుంది. ఆవిరి మీద ఉడికాక చచ్చిపోతుంది. దోశ, మజ్జిగ పులుసు కూడా అంతే. తేలిగ్గా అరుగుతాయి, మంచివే, కానీ బతికున్న బ్యాక్టీరియా కావాలంటే పెరుగు, మజ్జిగ, తరవాణి దగ్గరికే రావాలి. పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది. తోడులోని బ్యాక్టీరియా పాలల్లోని లాక్టోజ్‌ను అరిగించడంలో సాయపడుతుంది. ఈ ఒక్క విషయానికి మాత్రం గట్టి ఆధారాలే ఉన్నాయి. ఇక ఆవకాయ నిల్వ ఉండేది ప్రధానంగా ఉప్పు, నూనె, మామిడి పులుపు వల్లే. బీపీ ఉన్నవాళ్లు ఆరోగ్యం పేరు చెప్పి ఇంకో ముక్క వేసుకోకపోవడమే మంచిది!

షుగర్ ఉన్నవాళ్లకు చద్దన్నమైనా అన్నమే, కొలత తప్పదు. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు పులిసినవి తినే ముందు డాక్టర్‌ను అడగాలి.

అన్నాన్ని గంటల తరబడి గిన్నెలో అలాగే వదిలేసి, పడుకునే ముందు నీళ్లు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ గ్యాప్‌లో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం వదిలే ప్రమాదం ఉంది. అన్నం ఆరగానే నీళ్లు పోసేయండి. పొద్దున పుల్లటి వాసన వస్తే ఓకే. కుళ్లు వాసన వచ్చినా, జిగురుగా తీగలు సాగినా పారబోయండి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు.