ఆరోహణ సామగ్రి తయారీ: మోకు నుంచి ఫ్యాక్టరీ తాడు దాకా

కొండరాళ్ళు, మంచుకొండలు, ఎత్తైన చెట్లు ఎక్కేవారు ఒంటికి కట్టుకునే, చేత పట్టే, రాతి పగుళ్ళలో బిగించే పనిముట్లను ఆరోహణ సామగ్రి అంటారు. తాడు, కారబైనర్ అనే స్ప్రింగు తలుపు కొక్కెం, నడుముకూ తొడలకూ వేసుకునే హార్నెస్, రాతిలో దిగే మేకులు, బిళ్ళలు ఇందులో ముఖ్యమైనవి. ఒకప్పుడు వీటిని ఎక్కేవాడే చేసుకునేవాడు, కాకపోతే ఊరి కమ్మరి చేతనో తాళ్ళు పేనేవాడి చేతనో చేయించుకునేవాడు. ఫ్యాక్టరీల్లో తయారు కావడం గత నూటయాభై ఏళ్ళలో మొదలైన సంగతి. ఈ చరిత్రలో పెద్ద మలుపు ఒకటే: ఎక్కడానికి సాయపడే తాడు, జారితే ఆపగలిగే తాడుగా మారడం. దానికి కొత్త నార, కొత్త అల్లిక, అన్నిటికంటే మించి తాడును కావాలని తెంపి చూసే పద్ధతి రావలసి వచ్చింది.

గోదావరి సీమలో ఎక్కుడు పనిముట్లు

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల చేలగట్ల మీద తాటిచెట్లు, జంగారెడ్డిగూడెం దాటి ఏజెన్సీలోకి వెళితే జీలుగుచెట్లు. ఇక్కడ ఎత్తులెక్కడం బతుకుతెరువు. గీత కార్మికుడి సరంజామాలో మొదటిది మోకు, అంటే చెట్టునూ మనిషి వీపునూ కలిపి చుట్టే గట్టి తాడు. రెండోది పాదాలకు వేసుకునే బంధం. తెలంగాణలో దాన్ని గుజి అంటారు, కత్తులు పెట్టుకునే నడుము పట్టీని ముస్తాదు అంటారు. మనిషి వెనక్కి వాలితే బరువు మోకు మీద పడుతుంది, పాదాలు మానును ఒత్తి పడతాయి. ఆ రాపిడే అతన్ని నిలబెడుతుంది. పాదం జారి ఒళ్ళు మానుకు దగ్గరైతే మోకు వదులవుతుంది, మనిషితోపాటు అదీ కిందికి జారుతుంది. పనికి ఇంత చక్కగా అమరిన పనిముట్టు, పడిపోయే క్షణంలో ఎందుకూ కొరగాకుండా పోవడం దాని రూపంలోనే ఉన్న లోపం. కార్మికుడి నేర్పుకు దీనితో నిమిత్తం లేదు.

బుట్టాయగూడెం, పోలవరం వైపు కొండరెడ్లు జీలుగు గీయడానికి వెదురు బొంగును వాడతారు. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళను కాలు మోపేందుకు వదిలి, మిగతాది నరికి, ఆ బొంగును చెట్టుకు నిలువునా కడతారు. కట్టడానికి అడవిలో దొరికే అడ్డనార ఉంటుంది. మైదానంలో గోగునార, కొబ్బరిపీచు వాడుక ఎక్కువ. నార ఏదైనా పేనే తీరు ఒక్కటే: నారకు పురి పెట్టి పేటలు చేయడం, మూడు పేటలను ఎదురు పురితో కలపడం. ఒక పురి విప్పుకోబోతే రెండోది బిగుస్తుంది కాబట్టి తాడు నిలుస్తుంది. ఏలూరు జనపనార మిల్లు ఈ పురి పెట్టే పనిని యంత్రానికి అప్పగించింది గాని, ఆ నూలు వెళ్ళింది గోనె సంచులకే.

ఆల్ప్స్ అంచున నారతాళ్ళు

ఐరోపాలోనూ తొలి ఆరోహణ తాళ్ళు పొలాల తాళ్ళే. స్విట్జర్లాండ్‌లోని డింటికాన్‌లో కాస్పర్ టానర్ 1862లో వ్యవసాయపు తాళ్ళు పేనడానికి పెట్టిన చిన్న కార్ఖానాయే ఈనాటి మామ్మూట్ సంస్థ. ఆ మరుసటి ఏడు జర్మనీలోని ఇస్నీలో ఎడెల్మాన్, రిడ్డర్ అనే ఇద్దరు లేసులు, అల్లిక తాళ్ళు చేసే ఫ్యాక్టరీ తెరిచారు. వాళ్ళ పేర్లు కలిసి ఎడెల్‌రిడ్ అయింది. 1864లో లండన్ ఆల్పైన్ క్లబ్ రకరకాల తాళ్ళకు బరువులు కట్టి పడేసి చూసి, మనీలా నారతో చేసిన ఒక రకాన్ని మెచ్చింది. దాన్ని గుర్తుపట్టడానికి లోపల ఎర్రదారం వేసేవారు.

మరుసటి ఏడాది, 1865 జులై 14న, మాటర్‌హార్న్ శిఖరాన్ని మొట్టమొదట ఎక్కిన ఎడ్వర్డ్ వింపర్ బృందం దిగివస్తుండగా ఒకరు జారారు. తాడు తెగి నలుగురు పోయారు. తెగింది మంచి తాడు కాదు, అందుబాటులో ఉందని కట్టుకున్న బలహీనమైన తాడు. ఆ ముక్క ఇప్పటికీ జెర్మాట్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత ఎనభై ఏళ్ళపాటు ఎక్కేవారు పాటించిన సూత్రం ఒకటే: ముందు వెళ్ళేవాడు పడకూడదు. నారతాడు కుదుపును మింగలేదు, తడిస్తే కుళ్ళుతుంది, లోపల కుళ్ళినా పైకి కనబడదు.

నైలాన్, జడ అల్లిక

1935లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కారొథర్స్ బృందం నైలాన్‌ను తయారు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి పోవడంతో మనీలా నార రాక ఆగింది. అమెరికా సైన్యం తన కొండదళాలకు నైలాన్ తాళ్ళు పేనించింది. బలం కంటే దానికి ఉన్న సాగే గుణమే కొత్త సంగతి. పడ్డ మనిషిని తాడు ఒక్క కుదుపుతో కాక సాగుతూ ఆపగలిగింది. అయినా మూడు పేటల తాడుకు ఒక చెడ్డగుణం మిగిలింది. దానికి వేలాడిన మనిషి పురి విప్పుకునే దిశలో గిరగిర తిరుగుతాడు.

1953లో ఎడెల్‌రిడ్ కెర్న్‌మాంటెల్ తాడు తెచ్చింది. లోపల నైలాన్ దారాల గుత్తులు, వాటిమీద అల్లిన తొడుగు. బరువులో ఎక్కువ వంతును గుత్తులు మోస్తాయి, తొడుగు రాపిడిని భరిస్తుంది. గుత్తుల్లో సగానికి కుడి పురి, సగానికి ఎడమ పురి పెడతారు కాబట్టి తిరుగుడు లేదు. ఒకటి కంటే ఎక్కువ పాట్లను తట్టుకునే తాడును అదే సంస్థ 1964లో తయారు చేసింది.

ఫ్యాక్టరీలో తాడు పుట్టే క్రమం ఇది. నూలు రసాయన కంపెనీల నుంచి కండెలుగా వస్తుంది. దాన్ని మొదట ఆవిరి గదిలో వేడిచేసి కుదిస్తారు. తాడు సాగుడంతా ఇక్కడే తయారవుతుంది: ఇప్పుడు కుదించిన నూలే రేపు మనిషి పడినప్పుడు సాగుతుంది. కుదింపు తక్కువైతే తాడు కర్రలా మొండికేస్తుంది, ఎక్కువైతే పడ్డవాడు సాగి సాగి నేలను తాకుతాడు. తరవాత పురి, ఆపైన అల్లిక. అల్లిక యంత్రంలో 32, 40 లేదా 48 కండెలు రెండు జట్లుగా, ఒకదానికొకటి ఎదురుగా, ఒకసారి లోపలినుంచి ఒకసారి బయటినుంచి తప్పుకుంటూ తిరుగుతాయి. జడకోలాటం చూసినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. నడుమ నిలిపిన స్తంభం స్థానంలో దారాల గుత్తి మెల్లగా పైకి కదులుతూ ఉంటుంది, అంతే తేడా. గుత్తులతోపాటు లోపల ఒక సన్నని పట్టీ కూడా వేస్తారు. దానిమీద తయారీదారు, ప్రమాణం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. చివరికి అల్లిన తాడును మనుషులు వేళ్ళ మధ్య పట్టి చూస్తారు. ముడి, ఉబ్బు, తప్పిన పోగు కంటికంటే వేలికి ముందు తెలుస్తాయి.

హార్నెస్ సంగతి త్వరగా ముగించవచ్చు. నేసిన నైలాన్ పట్టీలను కంప్యూటర్ నడిపే మిషన్లపై అడ్డకుట్లతో కలుపుతారు. కుట్టుదారం రంగు పట్టీ రంగుకు భిన్నంగా పెట్టడం మంచి ఆచారం: దారం తెగితే దూరానికే తెలుస్తుంది.

లోహపు సామాను

1910 ప్రాంతంలో మ్యూనిక్ ఆరోహకుడు ఒట్టో హెర్జోగ్ అగ్నిమాపక దళం వాడే కొక్కేన్ని రాతిమీదికి తెచ్చాడు. అప్పట్లో అది ఉక్కుది, బరువైంది. రాతి పగుళ్ళలో కొట్టే మేకులు మెత్తని ఇనుపవి. కాలిఫోర్నియాలో స్థిరపడ్డ స్విస్ కమ్మరి జాన్ సాలథే 1940లలో గట్టి ఉక్కుతో మేకులు కొట్టాడు. వాటి స్ఫూర్తితో ఇవాన్ షూనార్డ్ 1957లో పాతసామాను దుకాణంలో కొలిమి కొనుక్కుని మేకులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1970 నాటికి అమెరికాలో ఈ సామాను ఎక్కువగా అమ్మేది ఆయనే. ఇంతలో తన మేకులే రాళ్ళను పాడుచేస్తున్నాయని గ్రహించాడు. 1972 క్యాటలాగులో మేకులు వద్దు, చేత్తో పెట్టి చేత్తో తీసే అల్యూమినియం బిళ్ళలు వాడండని చెప్పాడు. సొంత సరుకును తానే కొనవద్దన్న వ్యాపారి అరుదు. ఆయన సామాను సంస్థ 1989లో కోర్టు దావాల వల్ల దివాలా తీసింది. అక్కడి ఉద్యోగులు దాన్ని కొని బ్లాక్ డైమండ్‌గా నడిపారు.

నేటి కారబైనర్‌కు వాడేది ఎక్కువగా 7075 రకం అల్యూమినియం. జింకు, మెగ్నీషియం, రాగి కలిసిన ఈ లోహాన్ని విమానాల్లోనూ వాడతారు. కడ్డీని కోసి వంచి, ప్రెస్సు కింద అచ్చులో కొట్టి, అంచుల్లో మిగిలిన లోహాన్ని కత్తిరిస్తారు. రాళ్ళ గుళికలున్న పీపాలో గంటలకొద్దీ తిప్పితే పదును పోతుంది. తరవాత కాల్చి, చల్లార్చి, తక్కువ వేడిలో మగ్గపెడతారు. బలం వచ్చేది అక్కడే. రంగుపూత తర్వాత తలుపు, స్ప్రింగు, రివెట్టు బిగిస్తారు. దానిమీద చెక్కే అంకెలు అలంకారం కాదు: ఐరోపా ప్రమాణంలో మామూలు రకానికి నిలువుగా 20, అడ్డంగా 7, తలుపు తెరిచి ఉన్నప్పుడు 7 కిలోన్యూటన్లు కనీసం ఉండాలి. తలుపు తెరుచుకున్న కొక్కెం బలం మూడోవంతుకు పడిపోతుందని ఆ అంకెలే చెబుతాయి.

తెంపి చూడటం

1932లో షమొనీలో ఏర్పడ్డ అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య 1960లో తాళ్ళకు ప్రమాణం పెట్టింది. 80 కిలోల బరువును 2.8 మీటర్ల తాడుకు కట్టి, సుమారు 4.8 మీటర్లు పడనిచ్చి, లోహపు అంచుమీద ఆపాలి. ఐదు పాట్లకైనా తాడు తెగకూడదు. మొదటి పాటులో మనిషికి తగిలే కుదుపు 12 కిలోన్యూటన్లు మించకూడదు. శరీరం తట్టుకోగల హద్దును పారాచూట్ పరిశోధనల నుంచి తీసుకున్నారు. 1995 నుంచి ఐరోపా మార్కెట్‌లో ఇలాంటి పరీక్ష నెగ్గని సామాను అమ్మడం చట్టవిరుద్ధం. మనం కొనే తాడు మాత్రం ఎప్పుడూ పరీక్షకు పెట్టనిదే. పరీక్షకు పెట్టింది దాని తోబుట్టువు, అది ఇప్పటికే తెగిపోయింది. మోకు పేనిన చేతిని ఎరిగి దాన్ని నమ్మిన మనిషి, ఇక్కడ ముద్రను నమ్మవలసి ఉంటుంది.

భారతదేశం, తెలుగు నేల

దేశంలో ఈ సామాను మొదట సైన్యం అవసరాలకే తయారైంది. కాన్పూరులో 19వ శతాబ్దంలో గుర్రపు జీనులు, తోలు సామాను కోసం పెట్టిన ఫ్యాక్టరీ కాలక్రమంలో పర్వతారోహణ సామాను చేసే ఆర్డ్‌నెన్స్ ఎక్విప్‌మెంట్ ఫ్యాక్టరీ అయింది. 2021లో అది ట్రూప్ కంఫర్ట్స్ లిమిటెడ్‌లో భాగమైంది. పరిశ్రమల్లో, సెల్ టవర్లమీద వాడే బెల్టులకూ హార్నెస్‌లకూ ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణం ఉంది. తెలుగునాట ఫ్యాక్టరీ తాడు ఆటగా పరిచయమైన చోట్లలో ఒకటి భువనగిరి గుట్ట. అక్కడ శిక్షణ మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు.

తాటిచెట్టుకు ఆ తాడు చేరడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం ఆరంభించింది. కాటమయ్య గీత కులాలవారు కొలిచే దేవుడు. మాటర్‌హార్న్ తాడు తెగింది కూడా జులై 14నే కావడం కాకతాళీయం. కిట్‌లో తాళ్ళు, క్లిప్పులు, కాళ్ళకు వేసుకునే పట్టీలు ఉంటాయి. రాతిమీద ఉన్నట్టు తాటిమాను మీద ముందే దిగ్గొట్టిన కొక్కెం ఉండదు. కాబట్టి పట్టును మాను చుట్టూ వేసి, ఎక్కే కొద్దీ తనతో పైకి జరుపుకోవాలి. మట్టల దగ్గర దాటేటప్పుడు ఒకటి విప్పే ముందు రెండోది వేసి ఉండాలి. ఈ అలవాటు కొనుక్కుంటే వచ్చేది కాదు గనక కిట్‌తోపాటు శిక్షణా కావాలి.

ఇంకొకటి, తాడు ఆయుష్షు. వాడకుండా దాచినా తయారైన పదేళ్ళకు తాడును పక్కన పెట్టాలనీ, వారానికోసారి వాడితే ఏడాదికీ, రోజూ వాడితే ఏడాదిలోపే మార్చాలనీ తయారీదారుల పట్టికలు చెబుతాయి. ఆ లెక్కలు వారాంతపు ఆరోహకుణ్ణి దృష్టిలో పెట్టుకుని వేసినవి. ఉదయం, సాయంత్రం గరుకు మాను మీద ఎక్కి దిగే గీత కార్మికుడి తాడు ఆ పట్టికలో అన్నిటికంటే తక్కువ ఆయుష్షున్న వరసలోకి వస్తుంది.