రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఆర్థిక ముప్పు: నిష్పత్తులకు అందని లెక్క

రాష్ట్ర విశ్వవిద్యాలయానికి రాబోయే ఆర్థిక ముప్పు వార్షిక లెక్కల్లో కంటే ముందే నగదు పుస్తకంలో తెలుస్తుంది. జీతాలూ పింఛన్లూ నెల తిరిగేసరికి చెల్లించాల్సినవి. రాష్ట్ర ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటు మాత్రం ఖజానా వీలును బట్టి విడతలుగా విడుదలవుతుంది. ఈ రెంటికీ నడుమ వచ్చే లోటును పరీక్ష ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు, దూరవిద్య రాబడి సర్దుతుంటాయి. అవీ చాలనప్పుడు ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద చెయ్యి పడుతుంది.

ఈ సర్దుబాటును వదిలేసి నిల్వలు, ఆస్తులు, మిగులు అనే మూడు నిష్పత్తులతోనే విశ్వవిద్యాలయం ఆరోగ్యాన్ని తేల్చే పద్ధతి ఒకటుంది. 1997లో అమెరికా విద్యాశాఖ ఖరారు చేసిన కొలమానం దానికి ప్రసిద్ధ నమూనా. అందులో మార్కు మైనస్ 1 నుంచి 3 దాకా ఉంటుంది, 1.5 వస్తే గట్టెక్కినట్టే. అప్పులకు రాష్ట్రం పూర్తి పూచీ ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను అమెరికాయే ఈ మార్కు నుంచి మినహాయించింది. సొంతగడ్డ మీదే ప్రభుత్వ సంస్థలకు వాడని కొలబద్దతో ఇక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాలను కొలవాలనేవారు ముందు దీనికి జవాబు చెప్పాలి. నిల్వలు ఎన్నాళ్లకు సరిపోతాయో నిష్పత్తి కొంతవరకు చెబుతుందన్నది నిజమే.

అయితే నిష్పత్తులకు చిక్కని ముప్పూ ఉంటుంది. అది మద్రాసు విశ్వవిద్యాలయం విషయంలో బయటపడింది. పన్ను బకాయిల కింద సుమారు 424 కోట్ల రూపాయలు రావాలంటూ 2024 ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను శాఖ ఆ సంస్థ బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది. ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థగా మినహాయింపు దక్కాలంటే మొత్తం రాబడిలో ప్రభుత్వ గ్రాంటు సగానికి మించాలని 2014లో చేర్చిన నిబంధన చెబుతుంది. గ్రాంటు వాటా ఆ గీత కిందికి జారిందన్నది శాఖ వాదన. ధర్మసంస్థగా నమోదైతే మినహాయింపుకు వేరే దారి ఉంది. అయినా ఇందులోని మెలిక గమనించదగ్గది. గ్రాంటు చాలక సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పెట్టి, ఫీజులు పెంచి సొంత రాబడి కూడగట్టుకునే విశ్వవిద్యాలయానికి నిష్పత్తుల పట్టికలో మార్కు పెరుగుతుంది. అదే రాబడి వల్ల గ్రాంటు వాటా సగం కిందికి దిగి పన్ను నోటీసుకు తలుపు తెరుచుకుంటుంది.

నిర్వహణ ముప్పుదీ ఇదే తీరు. ఆచార్యుడు పదవీ విరమణ చేశాక ఆ పోస్టు నింపకపోతే జీతాల పద్దు తగ్గి, లెక్క బాగుపడ్డట్టే కనిపిస్తుంది. నిజానికి పింఛను పద్దు పెరుగుతుంది, పాఠం గెస్ట్ ఫ్యాకల్టీ చేతికి పోతుంది, పరిశోధక విద్యార్థులకు పర్యవేక్షకులు తగ్గుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కంట్రిబ్యూటరీ పింఛను 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికే వర్తించింది. అంతకుముందు చేరినవారంతా రిటైరయ్యేదాకా పాత పింఛను భారం పెరుగుతూనే పోతుంది. రాబడి వైపు చూస్తే, తెలుగు రాష్ట్రాల్లో విద్యార్థుల తరఫున ప్రభుత్వం చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిపడితే అనుబంధ కళాశాలలు అఫిలియేషన్ ఫీజు కట్టడంలోనూ జాప్యం చేస్తాయి. ఇక విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గ్రేడ్లు ఇచ్చిన ఏడు ప్రమాణాల్లో ఆర్థిక నిర్వహణ ఆరోదాని కింద ఒక ఉపాంశం మాత్రమే. అక్కడ మంచి గ్రేడు వచ్చిందని ఊరట చెందనక్కర్లేదు.

కాబట్టి దేశంలోని ఏ రాష్ట్ర విశ్వవిద్యాలయాన్నయినా మూడు అంశాలతో అంచనా వేయవచ్చు: గ్రాంటు ఆగితే జీతాలూ పింఛన్లూ ఎన్ని నెలలు నడుస్తాయి, గ్రాంటు వాటా సగం గీతకు ఎంత దూరంలో ఉంది, మంజూరైన పోస్టుల్లో ఎన్నింట రెగ్యులర్ అధ్యాపకులున్నారు. మొదటిదాన్ని లెక్కించేటప్పుడు పరిశోధన ప్రాజెక్టుల నిధులను, విద్యార్థుల కాషన్ డిపాజిట్లను నిల్వల్లోంచి తీసేయాలి. ఖాతాలో కనిపించినా అవి విశ్వవిద్యాలయం సొమ్ము కావు.